జూన్ 25: ఒక్క తేదీ మీద ఎన్ని సంగతులో! మీకు నచ్చిన తేదీ గురించి రాయండి

గోడగడియారం
జూన్ 25, ఉదయం 6.40

అందరికీ నమస్కారం. ఏటా ఈ రోజు నిద్ర లేవగానే నాకు మొదట గుర్తొచ్చేది లార్డ్స్ మైదానం. 1983 జూన్ 25న కపిల్ దేవ్ జట్టు 183 పరుగులే చేసి, వెస్టిండీస్‌ను 140కి ఆలౌట్ చేసి ప్రపంచ కప్ గెలిచింది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అదే లార్డ్స్‌లో, అదే జూన్ 25న, 1932లో మన దేశం తన మొట్టమొదటి టెస్టు మొదలుపెట్టింది. కెప్టెన్ సి.కె. నాయుడు. ఆ మైదానంలోనే, సరిగ్గా 51 ఏళ్ల తర్వాత కప్పు ఎత్తాం. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది.

ఇదే తేదీన 1950లో కొరియా యుద్ధం మొదలైంది. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. 2009లో మైకేల్ జాక్సన్ చనిపోయాడు.

మీరు కూడా మీకు నచ్చిన తేదీ ఒకటి తీసుకుని, ఆ రోజు ఏం జరిగిందో, అది మీకెందుకు ముఖ్యమో రాయండి. ఉత్త పుట్టినరోజుల పట్టికలు వద్దు. కథ ఉన్నవి కావాలి.

మిడాన్
జూన్ 25, ఉదయం 7.05

మంచి చర్చ మొదలుపెట్టారు. 1932 టెస్టులో మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం కానీ, మొదటి రోజు పొద్దున్నే ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. మహమ్మద్ నిస్సార్ బంతి అంత వేగంగా వచ్చేది. ఆ ఇన్నింగ్స్‌లో ఆయనకు 5 వికెట్లు. తొలి టెస్టు ఆడుతున్న జట్టు అలా మొదలుపెట్టడం చిన్న విషయం కాదు.

నా తేదీ నవంబర్ 15. సచిన్ 1989 నవంబర్ 15న కరాచీలో తొలి టెస్టు ఆడాడు. 2013లో వాంఖడేలో చివరి టెస్టు. 74 పరుగులు చేసి ఔటై, బ్యాటుతో చివరిసారి పెవిలియన్‌కు నడిచింది కూడా నవంబర్ 15నే. మొదలు, ముగింపు ఒకే తేదీ. మధ్యలో 24 ఏళ్లు.

పాతపేపర్లు
జూన్ 25, ఉదయం 7.40

గోడగడియారం గారూ, ఎమర్జెన్సీ తేదీ గురించి ఒక మాట. మీరు వేసింది తప్పు కాదు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రకటన మీద సంతకం పెట్టింది 25 రాత్రి, అర్ధరాత్రి కావడానికి కొంచెం ముందు. కానీ మంత్రివర్గం ముందుకు అది వచ్చింది 26 తెల్లవారాకే. ఇందిరా గాంధీ రేడియోలో దేశానికి చెప్పిందీ 26 ఉదయమే. ఆ రాత్రి ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు కూడా ఆపేశారు.

నేనప్పుడు కాలేజీ కుర్రాణ్ని. నాకు తెలిసింది 26న, రేడియోలో. నా జ్ఞాపకంలో ఆ రోజు ఎప్పటికీ 26గానే ఉంటుంది. కాగితం మీద తేదీ ఒకటి, జనానికి తెలిసిన తేదీ ఇంకొకటి. రెండూ రాసి పెట్టాలని నా అభిప్రాయం.

పడమటిగాలి
జూన్ 25, ఉదయం 8.10

మీరంతా 25 గురించి మాట్లాడుకుంటున్నారు, నేనున్న చోట ఇంకా 24 సాయంత్రమే! లాస్ ఏంజెలెస్ గడియారం మీద బతుకుతున్నవాణ్ని కాబట్టి మైకేల్ జాక్సన్ గురించి చెబుతాను. ఆయన చనిపోయినట్టు ప్రకటించింది అక్కడి టైం ప్రకారం 25 మధ్యాహ్నం 2.26కి. అప్పటికి ఇండియాలో 26 తెల్లవారుజామున 2.56. నేనప్పుడు ఇండియాలోనే చదువుకుంటున్నాను. పొద్దున లేచి టీవీ పెడితే తెలిసింది. చాలా ఏళ్లు ఆయన వర్ధంతి 26 అనే అనుకున్నాను.

'నాటు నాటు' ఆస్కార్ కూడా అంతే కదా. వేడుక జరిగింది 2023 మార్చి 12 సాయంత్రం. మన వాళ్లందరికీ అది మార్చి 13 ఉదయం. మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి, 13 అనే చెబుతారు.

చుక్కలదారి
జూన్ 25, ఉదయం 8.55

అంతరిక్షం విషయంలో ఈ గడియారాల గొడవ ఇంకా ఎక్కువ. అపోలో 11 చంద్రుడి మీద దిగింది 1969 జూలై 20న అని పుస్తకాలన్నీ చెబుతాయి. అంతర్జాతీయ సమయం ప్రకారం అది 20వ తేదీ రాత్రి 8.17. ఇండియాలో అప్పటికే 21 తెల్లవారుజాము 1.47. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది అంతర్జాతీయ సమయంలోనే 21వ తేదీ 2.56కి. అమెరికా తూర్పు తీరంలో మాత్రం ఇంకా 20 రాత్రి 10.56. అంటే 'మనిషి చంద్రుడి మీద నడిచిన రోజు జూలై 20' అన్నది అమెరికా గడియారం మాట. మనకు అది 21 ఉదయం 8.26.

చంద్రయాన్-3 దిగింది 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి. ఆ సమయానికి అమెరికాలోనూ ఐరోపాలోనూ 23వ తేదీనే. న్యూజిలాండ్‌లో మాత్రం అర్ధరాత్రి దాటి 24 వచ్చేసింది. ఇప్పుడు ఆగస్టు 23 మన జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఈ తేదీకి వెనక ఇంకో కథ ఉంది. 1966 ఆగస్టు 23న లూనార్ ఆర్బిటర్ 1 అనే నౌక చంద్రుడి దగ్గర నుంచి భూమిని మొదటిసారి ఫొటో తీసింది. బూడిద రంగు నేల అంచు మీద సగం వెలిగిన భూమి. ఆ ఫొటో వచ్చిన 57 ఏళ్లకు, అదే తేదీన, మనం అక్కడ దిగాం. దీన్ని ఎవరూ ప్లాన్ చేయలేదు.

ప్లాన్ చేయనిది ఇంకొకటి: అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ 1961 ఏప్రిల్ 12న 108 నిమిషాల్లో ప్రయాణం ముగించాడు. అమెరికా మొదటి స్పేస్ షటిల్ కొలంబియా ఎగిరింది 1981 ఏప్రిల్ 12న, సరిగ్గా 20 ఏళ్లకు. నిజానికి అది 10న ఎగరాలి. కంప్యూటర్ల మధ్య టైమింగ్ కుదరక రెండు రోజులు వాయిదా పడింది!

లెక్కలమేడమ్
జూన్ 25, ఉదయం 10.20

చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది. నా వంతుగా కొంచెం లెక్క చెబుతాను, ఎవరి ఆనందాన్నీ తగ్గించడానికి కాదు.

ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్లలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. క్లాసులో ఇది ప్రయత్నించిన ప్రతిసారీ పిల్లలు నమ్మరు, తర్వాత కేకలు వేస్తారు. 23 మందికే అలా ఉంటే, చరిత్రలో వేల సంఘటనలు 366 గడుల్లో పడితే ప్రతి గడీ నిండుతుంది. కాబట్టి 'ఈ తేదీలో ఏదో ఉంది' అనుకోనక్కర్లేదు.

గోడగడియారం గారి లార్డ్స్ ముచ్చటనే చూడండి. 1932 జూన్ 25 ఏ వారం? శనివారం. 1983 జూన్ 25? అదీ శనివారమే. ఏ తేదీ అయినా ఏటా వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది, లీపు వస్తే ఇంకో రోజు. అలా 51 ఏళ్లకు 51 రోజులు జరుగుతాయి, మధ్యలో వచ్చిన 12 లీపు సంవత్సరాలకు ఇంకో 12. మొత్తం 63, ఏడుతో నిశ్శేషంగా పోతుంది. ఇంగ్లండ్‌లో పెద్ద మ్యాచ్‌లకు శనివారం ఇష్టమైన రోజు, జూన్ చివర క్రికెట్ మంచి ఊపులో ఉండే కాలం. అంటే తేదీ కలవడానికి దారి ముందే కొంత సులువైంది. ఇది తెలిశాక నాకు ఆ ముచ్చట ఇంకా నచ్చింది.

గోడగడియారం
జూన్ 25, ఉదయం 10.45

మేడమ్, రెండూ శనివారాలని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు! వెంటనే క్యాలెండర్ తీసి చూశాను. చాలా థ్యాంక్స్.

రీలుపెట్టె
జూన్ 25, ఉదయం 11.15

సినిమా వాళ్ల తరఫున మార్చి 14. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్‌లో 'ఆలం ఆరా' విడుదలైంది. మన దేశంలో మొదటి టాకీ. దాని ప్రింటు ఒక్కటి కూడా ఇప్పుడు దొరకదు. అది తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. తేదీ మిగిలింది, సినిమా మిగల్లేదు. అదే తేదీ ఐన్‌స్టీన్ పుట్టినరోజు (1879), కార్ల్ మార్క్స్ వర్ధంతి (1883), స్టీఫెన్ హాకింగ్ వర్ధంతి (2018).

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది 'భక్త ప్రహ్లాద' గురించి. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి పూర్తి తెలుగు టాకీ. దశాబ్దాల పాటు అందరూ దాని విడుదల 1931 సెప్టెంబర్ 15 అని రాశారు. పుస్తకాల్లో, పేపర్లలో, సభల్లో అదే తేదీ. తర్వాత పరిశోధకులు పాత పత్రికల ప్రకటనలు, సెన్సార్ వివరాలు తిరగేసి, అసలు విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అని తేల్చారు. తేడా దాదాపు 5 నెలలే, కానీ దానివల్ల వరస మారిపోయింది. 'కాళిదాసు' 1931 అక్టోబర్ 31న వచ్చింది. తమిళం, తెలుగు రెండూ వినిపించిన సినిమా అది. పాత తేదీ ప్రకారం ప్రహ్లాద ముందు, కాళిదాసు వెనక. అసలు తేదీ ప్రకారం తెలుగు మాట తెరమీద ముందు వినిపించింది కాళిదాసులో.

ఇప్పటికీ సెప్టెంబర్ 15 రాగానే 'తెలుగు సినిమా పుట్టినరోజు' అని పోస్టులు వస్తూనే ఉంటాయి. చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

మిడాన్
జూన్ 25, ఉదయం 11.40

రీలుపెట్టె గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నా అభిప్రాయం కొంచెం వేరు. ఏడాదికి ఒకరోజు ఆ సినిమాను, ఆ మనుషులను తలుచుకుంటున్నారు. అది సెప్టెంబర్ అయితేనేం, ఫిబ్రవరి అయితేనేం? తలుచుకోవడం ముఖ్యం కదా. మా నాన్నగారి సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీ అసలుది కాదు, బడిలో చేర్చేటప్పుడు ఎవరో వేసింది. మేం ఆ రోజే శుభాకాంక్షలు చెబుతాం. ఆయన సంతోషంగానే తీసుకుంటారు.

రీలుపెట్టె
జూన్ 25, మధ్యాహ్నం 12.05

మీ నాన్నగారి విషయంలో అసలు తేదీ ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఉన్నదానితో సరిపెట్టుకున్నారు. అది అందంగానే ఉంది. ఇక్కడ అసలు తేదీ ఉంది. దాన్ని వెతకడానికి కొంతమంది ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన కాగితాల మధ్య కూర్చున్నారు. అంతా అయ్యాక 'ఏదైతేనేం' అంటే వాళ్ల పని వృథా అయినట్టే. ఆ సినిమాలో పనిచేసినవాళ్లకు మనం ఇవ్వగలిగిన గౌరవం ఇప్పుడు ఇదొక్కటే: వాళ్ల పని ఎప్పుడు జనం ముందుకు వచ్చిందో సరిగ్గా చెప్పడం.

మిడాన్
జూన్ 25, మధ్యాహ్నం 12.20

ఒప్పుకుంటున్నానండి. ఆ కోణం నేను ఆలోచించలేదు. వచ్చే ఫిబ్రవరి 6న నేనే ఇక్కడ పోస్టు పెడతాను.

పాతపేపర్లు
జూన్ 25, మధ్యాహ్నం 1.30

ఈ వాదన అమెరికావాళ్లకూ ఉంది. స్వాతంత్ర్యం కోసం వాళ్ల కాంగ్రెస్ ఓటేసింది 1776 జూలై 2న. జూలై 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని మాత్రమే. ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. జాన్ ఆడమ్స్ తన భార్యకు రాసిన ఉత్తరంలో, రాబోయే తరాలు జూలై 2ను పండగలా జరుపుకుంటాయని రాశాడు. కాగితం మీద 4 ఉంది కాబట్టి 4 నిలబడింది.

తర్వాత జరిగింది చూడండి. సరిగ్గా 50 ఏళ్లకు, 1826 జూలై 4న, అదే ఆడమ్స్ చనిపోయాడు. కొన్ని గంటల ముందు, అదే రోజు, ప్రకటన రాసిన జెఫర్సన్ పోయాడు. 1831 జూలై 4న మన్రో. మొదటి ఐదుగురు అధ్యక్షుల్లో ముగ్గురు ఒకే తేదీన. మేడమ్ లెక్క నాకు అర్థమైంది కానీ, ఇది చదివిన ప్రతిసారీ కాసేపు పుస్తకం మూసి కూర్చుంటాను.

లెక్కలమేడమ్
జూన్ 25, మధ్యాహ్నం 3.10

నేనూ కూర్చుంటానండి. లెక్క వచ్చినంత మాత్రాన ఆశ్చర్యం పోదు.

తేదీలు కలిసినట్టు కనిపించి కలవనివి కూడా ఉన్నాయి. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని చెబుతారు. యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఆ తేదీ ఎంచుకోవడానికి ఇదొక కారణం. కానీ అప్పటికి స్పెయిన్ కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌లో ఉంది, ఇంగ్లండ్ ఇంకా పాత జూలియన్‌లోనే ఉంది. రెండింటికీ 10 రోజుల తేడా. షేక్‌స్పియర్ ఏప్రిల్ 23 స్పెయిన్‌లో మే 3 అవుతుంది. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, 23 అన్నది ఖననం చేసిన రోజు.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్న మాట కూడా ఇలాంటిదే. గెలీలియో 1642 జనవరి 8, కొత్త క్యాలెండర్‌లో. న్యూటన్ 1642 డిసెంబర్ 25, పాత క్యాలెండర్‌లో. ఒకే క్యాలెండర్‌లో పెడితే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. హాకింగ్ పుట్టిన తేదీ మాత్రం నిజంగా కలిసింది: 1942 జనవరి 8, గెలీలియో పోయి సరిగ్గా 300 ఏళ్లు.

ఇంగ్లండ్ చివరికి 1752లో మారింది. సెప్టెంబర్ 2 బుధవారం, మర్నాడు సెప్టెంబర్ 14 గురువారం. మధ్యలో 11 తేదీలు లేవు. వారాలు మాత్రం తెగలేదు, గమనించండి. రష్యా 1918 దాకా మారలేదు. అందుకే 'అక్టోబర్ విప్లవం' వార్షికోత్సవం నవంబర్ 7న జరిగేది.

కొత్తపేజీ
జూన్ 25, సాయంత్రం 4.25

ఇక్కడ నా మొదటి పోస్టు. నేను ఫిబ్రవరి 29న పుట్టాను. ఎవరూ ఆ తేదీ తీసుకోలేదు కాబట్టి నేను తీసుకుంటాను.

మొరార్జీ దేశాయ్ పుట్టింది 1896 ఫిబ్రవరి 29న. 1900 లీపు సంవత్సరం కాదు, ఎందుకంటే వందతో పోయే ఏడాది నాలుగు వందలతో కూడా పోతేనే లీపు. దాంతో ఆయన అసలు తేదీ మళ్లీ రావడానికి 1904 దాకా, 8 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 99 ఏళ్ల జీవితంలో ఆ తేదీ ఆయనకు తిరిగి వచ్చింది 23 సార్లే. 2096లో పుట్టబోయే పిల్లలకు కూడా ఇదే పరిస్థితి, 2100 లీపు కాదు కదా.

1940 ఫిబ్రవరి 29న హాటీ మెక్‌డానియెల్‌కు 'గాన్ విత్ ద విండ్'లో నటనకు ఆస్కార్ వచ్చింది. ఆ అవార్డు గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆవిడ. ఆ రాత్రి ఆవిణ్ని మిగతా నటులతో కాకుండా గోడ పక్కన వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. అంత పెద్ద రోజు నాలుగేళ్లకోసారి మాత్రమే క్యాలెండర్‌లో కనిపిస్తుంది. నా పుట్టినరోజు వచ్చిన ఏడాది తప్పకుండా ఆవిణ్ని తలుచుకుంటాను.

గోడగడియారం
జూన్ 25, సాయంత్రం 5.00

స్వాగతం కొత్తపేజీ గారూ. మొదటి పోస్టే ఇంత బాగా రాశారు.

చుక్కలదారి
జూన్ 25, రాత్రి 7.50

కావాలని ఎంచుకున్న తేదీల గురించి ఎవరూ రాయలేదు. మన రాజ్యాంగం ఆమోదం పొందింది 1949 నవంబర్ 26న. పూర్తిగా అమల్లోకి రావడానికి రెండు నెలలు ఆగారు. 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్ దినం జరుపుకున్నాం కాబట్టి ఆ తేదీకి గౌరవం దక్కాలని. ఆగస్టు 15ను ఎంచుకున్న మౌంట్‌బాటెన్ మనసులో ఉన్నది మాత్రం జపాన్ లొంగిపోయిన రోజు, 1945 ఆగస్టు 15. మనం పండగ చేసుకునే తేదీ వెనక ఇంకొకరి జ్ఞాపకం ఉంది.

పాతపేపర్లు
జూన్ 25, రాత్రి 8.35

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ జర్మనీ. బెర్లిన్ గోడ తెరుచుకుంది 1989 నవంబర్ 9న. జాతీయ దినానికి అంతకంటే మంచి తేదీ ఏముంటుంది? కానీ 1938లో నవంబర్ 9 రాత్రే యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాలు ధ్వంసం చేశారు. 1923లో హిట్లర్ మ్యూనిక్ తిరుగుబాటు కుప్పకూలిందీ ఆ తేదీనే. 1918లో రిపబ్లిక్ ప్రకటించిందీ ఆ తేదీనే. ఆ రోజున బాణసంచా కాల్చడం ఎలా? 1990లో రెండు జర్మనీలు చట్టప్రకారం ఒకటైన అక్టోబర్ 3ను తీసుకున్నారు. ఒక తేదీని వద్దనుకోవడం కూడా గుర్తుపెట్టుకోవడమే అని అప్పుడు నాకు అర్థమైంది.

ఇక తేదీ అన్నదే లేకుండా జరిపేవాళ్లున్నారు. ఐర్లండ్‌లో ఈస్టర్ తిరుగుబాటు 1916 ఏప్రిల్ 24న మొదలైంది. అధికారిక స్మరణ ఏటా ఈస్టర్ ఆదివారం నాడు జరుగుతుంది, అది చంద్రుణ్ని బట్టి ఎప్పుడొస్తే అప్పుడు.

రీలుపెట్టె
జూన్ 25, రాత్రి 9.20

ఒకే రోజున రెండు జరిగితే ఒకటి మరుగున పడిపోతుంది. 1963 నవంబర్ 22 అలాంటిది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన రోజే రచయితలు ఆల్డస్ హక్స్‌లీ, సి.ఎస్. లూయిస్ ఇద్దరూ చనిపోయారు. మామూలు రోజైతే రెండూ పెద్ద వార్తలే. అదే రోజు బ్రిటన్‌లో బీటిల్స్ రెండో ఆల్బమ్ విడుదలైంది. మర్నాడు బీబీసీలో 'డాక్టర్ హూ' మొదటి భాగం వచ్చింది. చాలామంది చూడలేదని వారం తర్వాత రెండో భాగానికి ముందు దాన్ని మళ్లీ వేశారు. ఆ సీరియల్ ఇన్ని దశాబ్దాలు నడుస్తుందని ఆ వారం ఎవరికి తెలుసు!

గోడగడియారం
జూన్ 25, రాత్రి 11.10

పొద్దున పెట్టిన పోస్టు ఇప్పుడు చదువుతుంటే నాకే కొత్తగా ఉంది. జూన్ 25 పట్టిక ఇలా మార్చి దాచుకున్నాను: లార్డ్స్ 1932, శనివారం. లార్డ్స్ 1983, శనివారం. ఎమర్జెన్సీ 1975, సంతకం 25 రాత్రి, రేడియో 26 ఉదయం. మైకేల్ జాక్సన్ 2009, లాస్ ఏంజెలెస్‌లో 25, ఇక్కడ 26. ఇకనుంచి ప్రతి తేదీ పక్కన ఊరి పేరు, టైం కూడా రాస్తాను.

రేపు ఉదయం మళ్లీ కలుద్దాం. ఇక్కడ 25 అయిపోవస్తోంది.

పడమటిగాలి
జూన్ 26, తెల్లవారుజామున 2.56

మీరంతా నిద్రలో ఉంటారు. ఇక్కడ ఇంకా 25వ తేదీనే. మధ్యాహ్నం 2.26 అయింది. ఆఫీసులో పని ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన పాట ఒకటి మొదటి నుంచి చివరి దాకా విన్నాను.